సిమోన్ ద ఒలివేరా: రెండు గొంతుల గాయని

సభకు నమస్కారం.

ఈ హాల్లో పాడేవాళ్లున్నారు, సీరియళ్లలో నటించేవాళ్లున్నారు, డబ్బింగ్ చెప్పేవాళ్లున్నారు. ముగ్గురికీ పనికొచ్చే జీవితం కాబట్టి ఈ పూట సిమోన్ ద ఒలివేరా గురించి మాట్లాడుకుందాం. ఆమె పోర్చుగల్ గాయని, రంగస్థల నటి, టెలివిజన్ నటి. 1938 ఫిబ్రవరి 11న లిస్బన్‌లో పుట్టారు. 1969లో దేశమంతా మార్మోగిన పాట ఒకటి పాడారు. కొద్దికాలానికే గొంతు పోయింది. మళ్లీ వచ్చింది గానీ, వచ్చింది పాత గొంతు కాదు. కిందికి దిగింది, గరుకెక్కింది. ఆ గొంతుతోనే 2022 దాకా వేదికల మీద నిలబడ్డారు. మొదటి గొంతుతో పాడింది పదేళ్లకు కాస్త ఎక్కువ, రెండో గొంతుతో దాదాపు యాభై ఏళ్లు. అదెలా కుదిరిందో చూడాలి. ఆమె మొదటినుంచీ స్వరం కన్నా మాటకు ఎక్కువ విలువిచ్చి పాడిన మనిషి. అందుకే స్వరం చేజారినా వృత్తి చేజారలేదు. నా నమ్మకం అదే. దానికి ఆధారాలు మీ ముందు పెడతాను.

ముందు ఆ దేశం సంగతి. 1960ల పోర్చుగల్ అంటే సలజార్ నియంతృత్వం. 1961 డిసెంబరులో గోవాను వదులుకోవాల్సి వచ్చిన ప్రభుత్వం అదే. అదే ఏడాది నుంచి అంగోలాలో, తర్వాత గినీలో, మొజాంబిక్‌లో యుద్ధాలు నడిపింది. పత్రికలో వచ్చే వార్త, నాటకం, పాట అన్నీ సెన్సారు చేతుల మీదుగా పోవాల్సిందే. కొట్టేయడానికి సెన్సారు అధికారి వాడింది నీలం పెన్సిలు. అక్కడ ఇప్పటికీ సెన్సారుకు మారుపేరు నీలం పెన్సిలే. టెలివిజన్ కూడా ప్రభుత్వానిదే. ఆర్‌టీపీ అనే ఆ సంస్థ 1957 మార్చి 7న రోజువారీ ప్రసారాలు మొదలుపెట్టింది. చాలా ఏళ్లు ఒక్కటే ఛానల్. అందులో కనపడితే దేశమంతా చూసినట్టే, కనపడకపోతే ఎవరూ చూడనట్టే.

సిమోన్ పాఠాలు నేర్చుకున్నది టెలివిజన్‌లో కాదు, రేడియోలో. ప్రభుత్వ రేడియో అయిన ఎమిసోరా నాసియొనాల్ కళాకారుల కోసం ఒక శిక్షణ కేంద్రం నడిపేది. 1950ల చివర్లో ఆమె అక్కడ చేరారు. రేడియోలో ముఖం ఉండదు, చేతులుండవు. పాటలోని ప్రతి మాటా మైకులోంచి స్పష్టంగా ఇంట్లోకి చేరాలి. మాట తెగిందంటే అర్థం తెగినట్టే. ఈ అలవాటు ఆమె పాటలో చివరిదాకా వినిపిస్తుంది.

ఇక్కడ పోర్చుగీసు భాష సంగతి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పాడేవాళ్లకు అందులో చిక్కుంది. మన తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. స్వరాన్ని ఆ అచ్చు మీద నిలబెట్టుకోవచ్చు. లిస్బన్ పోర్చుగీసులో ఊనిక లేని అచ్చుల్ని మాటల్లో దాదాపు మింగేస్తారు. పాటలో స్వరానికి అక్షరం కావాలి కాబట్టి మింగిన వాటిలో కొన్నిటిని మళ్లీ బయటికి తీసుకురావాలి. అన్నీ తీసుకొస్తే పాట పరాయి యాసలా వినిపిస్తుంది, అసలు తీసుకురాకపోతే తాళం కుంటుతుంది. ఏది తేవాలో ఎంచుకోవడమే పని. రెండో చిక్కు ముక్కుతో పలికే అచ్చులు. మెత్తటి అంగిలి కిందికి దిగి, గాలిలో కొంత ముక్కులోంచి పోతే ఆ ధ్వని పుడుతుంది. పై స్థాయిలో గట్టిగా పాడేటప్పుడు అలా దించితే మోత పడిపోతుంది, గాయని దాన్ని నిలబెట్టుకోబోయి గొంతు బిగిస్తుంది. తెలిసినవాళ్లు చేసేదేమిటంటే, స్వరాన్ని మొదట నోటి అచ్చుగా తెరిచి పట్టుకుని, విడిచే ముందు చివర్లో మాత్రమే ముక్కుకు ఇస్తారు. సిమోన్ పాత రికార్డుల్లో పొడుగు స్వరాల చివరలు వినండి, ఈ పని తెలుస్తుంది.

1964లో ఆర్‌టీపీ మొదటిసారి జాతీయ పాటల పోటీ పెట్టింది. గెలిచిన పాటను ఐరోపా దేశాల మధ్య ఏటా జరిగే టెలివిజన్ పాటల పోటీ యూరోవిజన్‌కు పంపాలి. ఆ ఏడాది గెలిచిన ఆంటోనియో కల్వారియో కోపెన్‌హాగెన్ వెళ్లి ఒక్క పాయింటు కూడా లేకుండా తిరిగొచ్చారు. 1965లో గెలిచింది సిమోన్. పాట పేరుకు అర్థం 'శీతాకాలపు ఎండ'. రాసింది జెరోనిమో బ్రగాన్సా, స్వరపరిచింది నోబ్రెగా ఇ సౌజా. మార్చి 20న నేపుల్స్‌లో 18 దేశాలు పోటీపడ్డాయి. ఆమెకు వచ్చింది ఒక్క పాయింటు, 13వ స్థానం.

ఆ ఒక్క పాయింటును తీసిపారేయకండి. ఆ రోజుల్లో ఒక్కో దేశపు జ్యూరీ మామూలుగా తనకు నచ్చిన మూడే మూడు పాటలకు 5, 3, 1 చొప్పున ఇచ్చేది. నాలుగో స్థానంలో పెట్టిన పాటకు ఏమీ రాదు. అన్ని దేశాలూ ఒక పాటను నాలుగోదిగా ఇష్టపడ్డాయనుకోండి, దానికి సున్నా. కాబట్టి సిమోన్‌కు వచ్చిన పాయింటంటే ఒక జ్యూరీ ఆ పాటను మూడో స్థానంలో నిలబెట్టిందని. ఆ రాత్రి నాలుగు దేశాలకు అది కూడా దక్కలేదు.

తర్వాతి ఏడాది ఆమెకు గట్టి పోటీదారైన మదలేనా ఇగ్లేజియస్ గెలిచారు. ఇద్దరికీ మధ్య పత్రికలు నడిపిన పోటీ గురించి చాలా రాశారు. అది వదిలేద్దాం.

ఇప్పుడు 1969. అంతకు ముందటి సెప్టెంబరులో సలజార్ అనారోగ్యంతో తప్పుకున్నాడు, మార్సెలో కయెటానో వచ్చాడు. పట్టు కాస్త సడలుతుందేమోనని జనం ఆశపడిన నెలలవి. ఆ ఏడాది సిమోన్ పాడిన పాట పేరు 'దెష్‌ఫుల్యాద పోర్తుగేజా'. స్వరం నూనో నజరెత్ ఫెర్నాందెష్‌ది, మాటలు జొజే కార్లోస్ ఆరీ దోష్ సాంతోష్‌వి. ఆరీ కవి, ప్రకటనలు రాసి బతికేవాడు, వామపక్షవాది.

పేరు వెనక ఒక పల్లె ఆచారం ఉంది. ఉత్తర పోర్చుగల్‌లో కోతలయ్యాక ఊరివాళ్లంతా రాత్రిపూట కళ్లం దగ్గర చేరి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తారు. దెష్‌ఫుల్యాద అంటే ఆ ఒలుపే. పాటలుంటాయి, వాద్యాలుంటాయి. ఒలుస్తుంటే ఎప్పుడో ఒకటి ఎర్ర గింజల పొత్తు బయటపడుతుంది. దాన్ని రాజుపొత్తు అంటారు. అది దొరికినవాళ్లు అక్కడున్న వాళ్లందరినీ కౌగిలించుకోవచ్చు, ముద్దుపెట్టుకోవచ్చు. కాపలా కాసే పెద్దవాళ్ల ముందే వయసులో ఉన్నవాళ్లకు ఊరు ఇచ్చే అనుమతి అది. ఆరీ ఈ కళ్లాన్ని తీసుకుని నేలనూ స్త్రీ దేహాన్నీ కలిపి రాశాడు. నారబట్ట, ద్రాక్షరసం, కళ్లం, ఆగస్టు వెన్నెల అంటూ వరసగా పోయి, బిడ్డను కనేవాళ్లు ఇష్టపడే కంటారు అనే అర్థం వచ్చే పాదం దగ్గర ఆగుతాడు.

సలజార్ తప్పుకున్నా నియంతృత్వం పోని పోర్చుగల్‌లో, కాథలిక్ చర్చి నీడలో, ప్రభుత్వ టెలివిజన్‌లో ఒక స్త్రీ ఈ మాట పాడింది. ఇష్టం అన్న ఒక్క మాటే నిప్పు. దుమారం రేగింది. కానీ ఆ పాదం ఎలా అల్లారో చూడండి. ముందున్న పాదాలన్నీ ఒకే అంత్యప్రాసతో వస్తాయి. ఆగస్టుకూ ఇష్టానికీ పోర్చుగీసులో ప్రాస కుదురుతుంది. ఆ చివరి మాట కొట్టేస్తే పద్యం మొత్తం కూలిపోతుంది. సగటు శ్రోత చెవి ఆ మాట కోసం ముందే ఎదురుచూస్తూ ఉంటుంది. ఇది కవి నేర్పు.

గాయని నేర్పు ఇంకో చోట ఉంది. ఇలాంటి పాదం దగ్గర పాడేవాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. సిగ్గుపడి గొంతు తగ్గించి దాటేస్తారు, లేదంటే కన్నుగీటినట్టు వగలుపోతారు. సిమోన్ రెండూ చెయ్యలేదు. తల ఎత్తి, నిండు గొంతుతో, పొలం గురించి పాడినంత మామూలుగా ఆ మాట పాడారు. వినేవాడికి అది రహస్యం కాదు, తెలిసిన నిజం అనిపిస్తుంది. నా దృష్టిలో ఆమె పాటలోనే నటన మొదలైంది ఇక్కడే, కెమెరా ముందు పాత్రలు వెయ్యడానికి చాలా ముందే.

మార్చి 29న మాడ్రిడ్‌లో, తియాత్రో రియాల్‌లో యూరోవిజన్. 16 దేశాలు. పోర్చుగల్ తరఫున ఆర్కెస్ట్రా నడిపింది ఫెరేర్ త్రిందాద్. వచ్చినవి 4 పాయింట్లు, 15వ స్థానం. ఈసారి పద్ధతి వేరు. దేశానికి పదిమంది జ్యూరీ సభ్యులు, ఒక్కొక్కరికి ఒకటే ఓటు. అంటే మొత్తం 160 ఓట్లు, 16 పాటలు. ఈ పద్ధతిలో ఓటు చీలుతుంది. ఎవరికీ పెద్ద ఆధిక్యం రాదు. ఆ రాత్రి స్పెయిన్, బ్రిటన్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ నాలుగూ 18 పాయింట్ల దగ్గర ఆగాయి. సమానంగా వస్తే ఏం చెయ్యాలో నియమం లేదు కాబట్టి నలుగురినీ విజేతలుగా ప్రకటించారు. అర్థం తెలియనివారికి ఆరీ మాటలు చేరవు, స్వరం ఒక్కటే చేరుతుంది. మాట మీద నిలబడ్డ పాటకు అదొక పెద్ద నష్టం. 1970లో పోర్చుగల్‌తో పాటు నార్వే, స్వీడన్, ఫిన్లండ్ పోటీకి రాలేదు. 1971కి పద్ధతి మార్చారు. ఒక్కో దేశం నుంచి ఇద్దరు న్యాయనిర్ణేతలు ప్రతి పాటకూ తప్పనిసరిగా 1 నుంచి 5 వరకు మార్కులెయ్యాలి. సున్నా అన్నదే లేకుండా పోయింది.

ఓడి వచ్చిన గాయని లిస్బన్ సాంతా అపొలోనియా రైల్వే స్టేషన్లో దిగితే జనం పోటెత్తారు. జనం తమ ఓటు ఆ రోజు వేశారు.

తర్వాత గొంతు పోయింది.

ఆమెకు వైద్యపరంగా ఏం జరిగిందన్నది మనం చర్చించాల్సిన విషయం కాదు. కానీ పాడేవాళ్ల గొంతు మామూలుగా ఎలా దెబ్బతింటుందో మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇది మీ పొట్టకూటి విషయం. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి. పాశ్చాత్య సంగీతపు లెక్కలో నాలుగో సప్తకపు 'ఏ' స్వరం పాడినప్పుడు సెకనుకు 440 సార్లు. మూడు నిమిషాల పాటలో ఎన్ని వేల సార్లో లెక్కేసుకోండి. తంత్రి పొడవులో ముందువైపు మూడో వంతు ముగిసే చోట ఊపు ఎక్కువ. రాపిడీ అక్కడే ఎక్కువ. బలవంతంగా పాడుతూ పోతే అక్కడ ముందు వాపు, తర్వాత రెండు పక్కలా చిన్న బుడిపెలు వస్తాయి. వోకల్ నాడ్యూల్స్ అంటారు. బుడిపె అడ్డొస్తే తంత్రులు పూర్తిగా కలవవు. సందులోంచి గాలి పోతుంది, స్వరం గాలితో కలిసి బొంగురుపోతుంది. మొదట పోయేది పై స్థాయిలో మెల్లగా పాడే శక్తి. గట్టిగా పాడితే స్వరం వస్తుంది, మెల్లగా పాడితే రాదు. ఈ లక్షణం కనపడ్డప్పుడే ఆగాలి. చాలామంది ఆగరు, గట్టిగా పాడితే వస్తోంది కదా అని ఇంకా గట్టిగా పాడతారు.

ఇంకొన్ని తప్పులు చెబుతాను. గొంతు బాగోలేనప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. బిగపట్టి గుసగుసలాడితే తంత్రులకు మామూలు మాట కన్నా శ్రమ. మాట్లాడకుండా ఉండటమే విశ్రాంతి. గొంతు పదేపదే సవరించుకోవడం కూడా రాపిడే, దాని బదులు ఒక గుక్క నీళ్లు మింగండి. కచేరీ రోజున స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని పాడేవాళ్లున్నారు. వాపు తగ్గుతుంది, నిజమే, కానీ దెబ్బ అలాగే ఉంటుంది. దాని మీద పూర్తి బలంతో పాడితే తంత్రిలో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ వేసుకుని ఉంటే ఆ రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లి కెమెరాతో తంత్రులు చూపించుకోవాలి. ఇది వాయిదా వెయ్యకండి.

పాట లేని ఆ కాలంలో సిమోన్ రేడియోలో మాట్లాడారు, పత్రికలకు రాశారు, కార్యక్రమాలకు వ్యాఖ్యాతగా చేశారు. అంటే మాట వదల్లేదు. 1973లో మళ్లీ జాతీయ పోటీకి వచ్చారు, కొత్త గొంతుతో. ఆ ఏడాది గెలిచింది ఫెర్నాందో తోర్దో, ఆ పాట మాటలు కూడా ఆరీవే. మరుసటి ఏడాది పోటీలో గెలిచిన పాట బ్రైటన్‌లో యూరోవిజన్‌కు వెళ్లి 3 పాయింట్లతో చివరి వరసలో నిలిచింది. మూడు వారాలు తిరక్కముందే, 1974 ఏప్రిల్ 24 రాత్రి 10:55కు అదే పాట రేడియోలో వచ్చింది. తిరుగుబాటు సైనికులకు సిద్ధం కమ్మని మొదటి సంకేతం అది. తెల్లారేసరికి నియంతృత్వం కూలడం మొదలైంది. ఐరోపా ఓట్లు వెయ్యని పాటలు ఆ దేశానికి ఏమిటో చెప్పడానికి ఇది చాలు.

ఇప్పుడు కిందికి దిగిన గొంతుతో పాడటం గురించి. శ్రుతి తగ్గిస్తే సరిపోతుంది కదా అంటారు. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని నాలుగున్నరకు దిగితే సరిపోతుందా? సరిపోదు. పల్లవిలో పై స్వరం అందుతుంది సరే, చరణంలో కింది స్వరాలు నేలకు తగులుతాయి, అక్కడ మాట వినపడదు. ఆర్కెస్ట్రాకూ ఇబ్బందే. వయొలిన్ కింది తీగ మూడో సప్తకపు 'జీ' దగ్గర ఆగిపోతుంది, దాని కిందికి పోలేదు. కాబట్టి శ్రుతి దించితే కొన్ని వరసలు వయొలిన్ కన్నా కింది స్థాయిలో పలికే వయోలాకో చెల్లోకో అప్పగించాలి. పైగా గాయని గొంతు చెల్లో స్థాయికి దగ్గరైంది కనుక రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. ఆమె పాడుతున్నప్పుడు ఆ వరసలు పల్చగా ఉండాలి. శ్రుతి మార్చిన ప్రతిసారీ వాద్యాల వరసలు మళ్లీ రాయించుకోవాలి. ఆ ఖర్చుకు వెనకాడి కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కి పని కానిస్తే పాట బురదగా వినిపిస్తుంది.

రెండోది శ్వాస. తంత్రులు పూర్తిగా కలవని గొంతుకు గాలి త్వరగా అయిపోతుంది. ఇదివరకు ఒక్క ఊపిరిలో పోయిన పాదం ఇప్పుడు రెండు ఊపిరులు అడుగుతుంది. ఎక్కడ విరవాలి? స్వరం ఎక్కడ సుఖంగా ఉందో అక్కడ కాదు, అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడ. సిమోన్ తరవాతి కాలపు పాటల్లో చాలా పాదాలు సగం పాట, సగం మాట. స్వరాన్ని పట్టుకోకుండా తాకి వదిలేస్తారు, మాట మాత్రం నిలబడుతుంది. లయ తప్పరు. తాళానికి కాస్త వెనక నడిచి చివరి మాట దగ్గర కలుస్తారు. ఈ పద్ధతికి ఇద్దరు ముగ్గురు మంచి వాద్యగాళ్లు కావాలి, ముఖ్యంగా గాయని నోరు చూసి వాయించే పియానిస్టు.

మూడోది మైకు. గరుకు గొంతుకు మైకు దగ్గరగా పెట్టుకుంటే కింది ధ్వనులు నిండుగా వస్తాయి, అది మేలే. కానీ అంగుళం దూరంలో 'ప', 'బ' పలికితే దబదబమంటుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు వాల్చి పట్టుకోవాలి. గొంతు పెంచే చోట దూరం జరపాలి, దించే చోట దగ్గరికి తేవాలి. రేడియోలో పెరిగినవాళ్లకు ఇది చేతికి వచ్చిన విద్య.

నటన సంగతికి వద్దాం. 1977లో ఆర్‌టీపీ ఒక బ్రెజిల్ టెలినోవెలాను, అంటే రోజువారీ సీరియల్‌ను, ప్రసారం చేసింది, దేశం దానికి అతుక్కుపోయింది. సొంతంగా మొదటి టెలినోవెలా 1982 మేలో వచ్చింది. 1992లో ఎస్‌ఐసీ, 1993లో టీవీఐ అనే ప్రైవేటు ఛానళ్లు వచ్చాక వీటి జోరు పెరిగింది, కోటి జనాభా ఉన్న దేశంలో నటులకు నెలనెలా పని దొరికే చోటు అదే అయింది. సిమోన్ నాటకాలు వేశారు, ఫిలిప్ లా ఫేరియా సంగీత నాటకాల్లో నటించారు, టెలినోవెలాల్లో పెద్ద వయసు పాత్రలు చేశారు.

రోజూ ప్రసారమయ్యే సీరియల్లో రిహార్సల్‌కు సమయం ఉండదని మీకు చెప్పక్కర్లేదు. కథ వరసలో కాకుండా, సెట్ వరసలో షూటింగ్. ఒకే మధ్యాహ్నం మూడు ఎపిసోడ్ల వంటగది సీన్లు తీసేస్తారు. అలాంటప్పుడు సీనుకు తగ్గ మనసు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? పాటగాళ్లకు ఒక సాయం ఉంది. మూడు నిమిషాల్లో ఒక జీవితాన్ని మొదలుపెట్టి ముగించడం వాళ్లకు అలవాటు. అలవాటు చెడగొట్టే చోటూ ఉంది. వేదిక మీద వెనక వరసదాకా చేర్చే కంఠాన్ని క్లోజప్‌లో వాడితే అబద్ధంలా వినిపిస్తుంది. పాడే మనిషి మాట చివర్లను సాగదీస్తుంది, నటికి అది కుదరదు. గొంతు దిగి, గరుకెక్కాక సిమోన్‌కు ఈ బెడద తగ్గిందని నేననుకుంటాను. ఆ గొంతు మామూలుగా మాట్లాడినా వెనక ఏదో జరిగిన మనిషిలా వినిపిస్తుంది. తల్లి పాత్రకు, అమ్మమ్మ పాత్రకు, ఇల్లు నడిపే పెద్దావిడ పాత్రకు దర్శకులు వెతికేది అదే.

2022 మార్చి 29న, 84 ఏళ్ల వయసులో లిస్బన్ కొలిజేవు దోస్ రెక్రేయోస్‌లో ఆమె వేదికకు వీడ్కోలు చెప్పారు. మాడ్రిడ్ రాత్రి కూడా మార్చి 29నే.

ఇంటికెళ్లాక వినేవాళ్లు ఈ వరసలో వినండి. మొదట 1965 నేపుల్స్. పొడుగు స్వరాల చివర్లు గమనించండి. తర్వాత 1969 మాడ్రిడ్. బిడ్డ మాట వచ్చే పాదం దగ్గర ఆమె ముఖం చూడండి, గొంతు కాదు. ఆ తర్వాత 1973 పోటీ పాట, అక్కడ ఊపిరి ఎక్కడెక్కడ తీసుకుంటున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. చివరగా 1990ల తర్వాత ఎప్పుడైనా 'దెష్‌ఫుల్యాద' మళ్లీ పాడిన ప్రదర్శన ఒకటి తీసుకుని, మాడ్రిడ్ రికార్డు పక్కన పెట్టి, రెండింటికీ శ్రుతి ఎంత తేడానో హార్మోనియం మీద పట్టుకోండి. అదే పాదాన్ని అప్పుడు ఎక్కడ విరిచారో, ఇప్పుడెక్కడ విరిచారో కూడా రాయండి. ప్రశ్నలుంటే అడగండి.